కోడి మెడ తిప్పిందంటే

పశువుల ఆసుపత్రికి ఎద్దు వచ్చిందంటే వెంట నలుగురు వస్తారు, నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. కోడి వస్తే అంత హడావుడి ఉండదు. గంప బల్ల మీద పెట్టి, తెచ్చినామె గుమ్మం దగ్గరే నిలబడుతుంది. రోగం పేరు కూడా ఆమే చెప్పేస్తుంది. "కొక్కెర తగిలింది సార్. మందుంటే ఇయ్యండి, లేకుంటే కోసుకుంటాం."

మా కడప, కర్నూలు పల్లెల్లో కోడి మెడ తిప్పినా, కాలు ఈడ్చినా, రెక్క వాల్చినా ఒకటే పేరు, కొక్కెర తెగులు. చాలాసార్లు అది నిజమే అవుతుంది కాబట్టి రెండోసారి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. మా వైద్యుల్లోనూ చాలామందికి ఉండదు. కుక్క కుంటితే మోకాలి మీద సుత్తితో తట్టి చూస్తాం. కోడికి మాత్రం నరాల పరీక్ష ఏందని నవ్వుతాం.

నరాల పరీక్షలో మొదట అడగాల్సింది ఏ రోగం అని కాదు, ఎక్కడ అని. చెడింది మెదడులోనా, లోపలి చెవిలోనా, వెన్నుపాములోనా, కాలికి దిగే నరంలోనా, నరమూ కండా కలిసే చోటా? ఆ చోటు తేలితే అనుమానించాల్సిన రోగాలు నాలుగైదుకు తగ్గుతాయి. దీనికి యంత్రం అక్కర్లేదు. టార్చిలైటు, చిన్న కట్టె, గుప్పెడు జొన్నలు చాలు.

అన్నిటికంటే ముందు, ముట్టుకోకూడదు. కొత్త మనిషి కనిపిస్తే పక్షి తన జబ్బును దాచుకుంటుంది. నీరసంగా ఉన్నట్టు తెలిస్తే పిల్లో గద్దో ఎత్తుకుపోతుందన్న భయం దాని పుట్టుకలోనే ఉంది. అందుకే గంప కొంచెం ఎత్తి, దూరంగా కూర్చుని ఆ ఇంటామెతో మాట కలుపుతాను. "ఏందవ్వా, ఎన్నాళ్లనుంచి?" "మొన్న సంతనాటి నుంచీ సార్." అంతలో కోడి మమ్మల్ని మరిచిపోతుంది. అప్పుడు తల ఒరగడం, ఒక కన్ను మూతపడటం, నడకలో కాలు దాటేయడం బయటపడతాయి. నాలుగు జొన్నలు చల్లితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆకలి ఉండి, గింజ కనిపిస్తూ, ముక్కు మాత్రం గింజకు అంగుళం పక్కన నేలను పొడుస్తుంటే, చెడింది కడుపు కాదు, తల లోపల.

ఆ తర్వాతే చెయ్యి వేయాలి. రెక్కలు రెండూ కలిపి పట్టుకోవాలి గానీ రొమ్ము బిగించకూడదు. పక్షికి మనలా ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ ఆడితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే పరీక్ష అయ్యేలోపే చచ్చిపోతుంది. కర్నూలు మే నెలలో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. ఆ ఎండకు నోరు తెరిచి రొప్పుతున్న కోడి తూలితే అది నరాల జబ్బో వడదెబ్బో చెప్పడం కష్టం. నేనైతే నీడన పెట్టి, నీళ్లు తాగించి, చల్లబడ్డాకే చూస్తాను.

చేతుల్లో ఉన్న కోడిని మెల్లగా అటూ ఇటూ ఊపితే ఒంటితోపాటు తల ఊగదు, ఉన్నచోటే నిలుస్తుంది. పిల్లలకు ఇది ఆట. నాకు మాత్రం లోపలి చెవికీ, చిన్నమెదడుకూ, మెడకూ కలిపి ఒకే పరీక్ష. కోడి కంటిగుడ్డు పెద్దగా తిరగదు. ఆ పని పద్నాలుగు పూసల మెడ చేస్తుంది. తల నిలవకపోయినా, వణికినా గుర్తు రాసుకుంటాను.

కంటిపాప మీద వెలుగు వేసి చూడటంలో ఒక మోసం ఉంది. పక్షి కంటిపాప కండ మన కండలాంటిది కాదు, కాలి కండలా పక్షి దాన్ని ఇష్టప్రకారం ఆడించుకోగలదు. భయపడ్డా, కోపమొచ్చినా పాప దానంతటదే చిన్నదీ పెద్దదీ అవుతుంది. ఒక కంట్లో వెలుగు వేస్తే రెండో కన్ను స్పందిస్తుందని మనిషి విషయంలో నేర్చుకున్న సూత్రం ఇక్కడ పనికిరాదు. పక్షిలో ఒక కంటి నరం మొత్తం అవతలి వైపు మెదడుకే పోతుంది.

ఇక కాళ్లు. వేలిని కాస్త నొక్కితే కాలు వెనక్కి లాక్కుంటుంది. సంతోషపడి ఆగిపోకూడదు, ఆ లాగడం వెన్నుపాము ఒక్కటే చేసే పని. కోడి తల తిప్పి చూసి అరిచిందా, పొడవబోయిందా అన్నదే అసలు విషయం. అరిస్తే నొప్పి మెదడు దాకా చేరిందని అర్థం. లాక్కుని, కిమ్మనకుండా ఉంటే వెన్నులో దారి తెగింది. ఫారం కోళ్లలో నడుం దగ్గర కదిలే ఒకే ఒక్క పూస జారి వెన్నుపామును నొక్కుతుంది. అలాంటి కోడి తోక మీద కూలబడి, పాదాలు గాల్లోకి లేపి కూర్చుంటుంది. దానికి ఏ టానిక్కూ పనిచేయదు.

ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచి పడుకున్న మూణ్నెల్ల పెట్టది కొక్కెర కాదు, మారెక్స్. 1907లో హంగేరీ వైద్యుడు యోజెఫ్ మారెక్ వర్ణించిన జబ్బు. చచ్చాక తొడ కండలు విడదీస్తే తెల్లని నరం కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నదాని మీద సన్నని అడ్డగీతలు మెరుస్తాయి. మారెక్స్‌లో నరం ఉబ్బి, పసుపు తిరిగి, గీతలు పోతాయి. పక్క కాలి నరంతో పోల్చితే కన్నున్న ఎవరికైనా తెలుస్తుంది. టీకా పొదిగిన రోజే, హేచరీలోనే వేస్తారు. ఇంటి పెట్ట కింద పొదిగిన నాటు పిల్లకు అది అందదు.

కోడిపిల్లల కాలివేళ్లు లోపలికి ముడుచుకుంటే రైబోఫ్లేవిన్ విటమిన్ కొరత. తొందరగా పట్టుకుంటే నయమవుతుంది. తల వీపు మీదికి వాల్చి చుక్కలు లెక్కపెట్టే పిల్లకు థయమిన్ విటమిన్ లేదు. 1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మాన్ పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం గమనించాడు. మనుషుల బెరిబెరి జబ్బు గుట్టు తెలిసే దారి అక్కడే దొరికి, 1929లో నోబెల్ వచ్చింది. ఇది చదివినప్పుడల్లా మా సీమ గుర్తొస్తుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్ర, సజ్జ తగ్గి మన కంచంతోపాటు కోడి ముందూ తెల్లన్నమే పడింది. నాటుకోడి దిబ్బలు కెలికి పురుగులు తింటుంది కాబట్టి గట్టెక్కింది. బోనులో పెట్టి అన్నం ఒక్కటే వేసే ఇళ్లలో ఈ జబ్బును అనుమానించాల్సిందే.

పట్నంలో ఇప్పుడు లవ్‌బర్డ్స్ వస్తున్నాయి. ఒక కాలు ఈడుస్తుందని తెస్తారు, కాల్లో ఏ లోపమూ ఉండదు. కాలి నరం మూత్రపిండం సందులోంచి దిగుతుంది. అక్కడ గడ్డ పెరిగి నరాన్ని నొక్కుతుంటుంది.

అసలు కొక్కెర తెగులును తక్కువ చేయడం లేదు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, 1927లో మన రాణీఖేత్‌లో గుర్తుపట్టిన ఈ వైరస్‌కు ఈనాటికీ మందు లేదు, టీకానే దిక్కు. ఆర్‌టూబీ టీకా సీసాలో వంద డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లకోసం సీసా విప్పడం దండగని అటు ఆసుపత్రీ, ఇటు ఇంటివాళ్లూ వాయిదా వేస్తారు. వీధి మొత్తం కలిసి తెల్లారుజామున గంపలెత్తకముందే వేయించుకోవడం ఒక్కటే దారి. మెడ మెలికతోపాటు కోళ్లు ఒక్కసారిగా కుప్పలుగా చస్తే మాత్రం బర్డ్ ఫ్లూ అనుకుని చేయి వేయకుండా కబురు పెట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో చూశాం కదా.

వేరుశనగ చేలో పడిపోయిన నెమలి సంగతి వేరు. నోటివెంట జొల్లు, ఒళ్లంతా వణుకు, కాళ్లు పట్టు తప్పడం. పరీక్ష చేస్తే లోపం ఒక చోటంటూ దొరకదు, అన్నిచోట్లా ఉంటుంది. అది పురుగుమందు. నరమూ కండా కలిసే ప్రతి చోటా పనిచేస్తుంది కనుక అలా కనిపిస్తుంది. అట్రోపిన్ వేళకు అందితే కొన్ని బతుకుతాయి. పంట పోతున్న రైతు కష్టం నాకు తెలుసు. అయినా మందు కలిపిన గింజలు చల్లడం తప్పే, 1972 చట్టం ప్రకారం నేరం కూడా. అడవి పక్షిని ఇంటికి తీసుకెళ్లకుండా అటవీశాఖకు చెప్పండి. పట్టుకోవడమే ప్రాణం తీయొచ్చు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, అంతరించిపోయిందనుకున్న కలివికోడి దొరికింది. చేతికి చిక్కిన ఆ పిట్ట ఎన్నాళ్లో బతకలేదు.

కోడిని తెచ్చేటప్పుడు మూడు పనులు చేయండి. కాళ్లు కట్టి తలకిందులుగా కాక, గంపలోనో అట్టపెట్టెలోనో తెండి. ఏ మేత పెట్టారో చెప్పండి. పక్క చేలో మందు కొట్టి ఉంటే ఆ డబ్బా తెండి, ఖాళీదైనా సరే.