పటం చుట్టూ నిలబడ్డ చిత్రకారులు

రూబెన్స్ బొమ్మల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆయన రెండోసారి వేసింది. రోమ్‌లోని సాంతా మరియా ఇన్ వల్లిచెల్లా చర్చిలో ప్రధాన పీఠానికి బొమ్మ వేసే పని, ముప్పై ఏళ్లయినా నిండని ఈ ఫ్లాండర్స్ చిత్రకారుడికి దక్కింది. కాన్వాసు మీద వేశాడు. తీరా పీఠం మీద నిలబెట్టి చూస్తే వెలుతురు పడి రంగులన్నీ మెరుస్తున్నాయి, ఆకారాలు ఆనడం లేదు. బొమ్మ బాగా కుదిరిందని ఆయనకు తెలుసు. అయినా పక్కన పెట్టి, 1608లో పలకరాతి మీద మళ్లీ మొదలుపెట్టాడు. మన పిల్లలు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక ఉందే, ఆ జాతి రాయి. రంగును పీల్చుకుంటుంది, వెలుతురును తిప్పికొట్టదు. రాతి మీద తైలవర్ణాలు రోమ్‌కు కొత్తేమీ కాదు. 1530 ప్రాంతంలోనే సెబాస్టియానో దెల్ పియోంబో అనే చిత్రకారుడు వేసి చూపించాడు. వద్దనుకున్న కాన్వాసును రూబెన్స్ తన ఊరు ఆంట్వెర్ప్‌కు తీసుకెళ్లి, తల్లి సమాధి దగ్గర పెట్టాడు.

రాతి బొమ్మ నడిమధ్యన ఉన్నది ఆయన గీసినది కాదు. మహిమ గలదని జనం నమ్మే పాత మేరీమాత పటం అది. దాని మీద మూతలా ఒక రాగి రేకు, ఆ రేకు మీద రూబెన్స్ వేసిన తల్లీబిడ్డ. విశేష దినాల్లో రేకు తొలగిస్తే పాత పటం దర్శనమిస్తుంది. దేవదూతలను దాని చుట్టూ ఆరాధిస్తున్నట్టు నిలిపాడు. అంతటి చేయి తిరిగిన మనిషి ఎవరో గీసిన పాత పటానికి చుట్టూ అలంకారమై నిలబడ్డాడు. నా దృష్టిలో భక్తి చిత్రమంటే ఇదే.

అదే కాలంలో ఆంట్వెర్ప్‌లో యాన్ బ్రూగెల్ అనే చిత్రకారుడు ఇదే పని పూలతో చేశాడు. పూజా చిత్రాలు కూడదన్నవాళ్లు 1566లో అక్కడి చర్చిల్లో బొమ్మలు పగలగొట్టిన గాయం అప్పటికింకా పచ్చిగానే ఉంది. మిలాన్ కార్డినల్ ఫెదెరికో బొర్రోమియో కోసం ఆయన మేరీమాత చుట్టూ పూలదండ గీశాడు. లోపలి బొమ్మ హెండ్రిక్ వాన్ బాలెన్ అనే మరో చిత్రకారుడిది. బ్రూగెల్ పూలను ఎదురుగా పెట్టుకుని గీసేవాడు. ఆంట్వెర్ప్‌లో దొరకని పూల కోసం బ్రస్సెల్స్ వెళ్లేవాడు. ఏ పువ్వు పూసే రుతువు వస్తే అప్పుడు ఆ పువ్వు. అందుకే ఏ తోటలోనూ ఒకేసారి పూయని పూలు ఆయన దండలో పక్కపక్కన ఉంటాయి.

బ్రూగెల్ శిష్యుడు డానియెల్ సేగర్స్ జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘంలో సోదరుడయ్యాడు. సేగర్స్ దండల నడుమ చాలాచోట్ల శిల్పం కనిపిస్తుంది: బూడిదరంగుతో వేరొకరు వేసిన రాతి బొమ్మ, దాన్ని అల్లుకుని నిండు రంగుల గులాబీలు, తులిప్‌లు. ఇక్కడ రాయి రంగు కింద లేదు, రంగులోనే ఉంది.

బ్రూగెల్, రూబెన్స్ కలిసి వేసిన పూలదండ మేరీమాత మ్యూనిక్‌లోని ఆల్టే పినకోటెక్‌లో ఉంది. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు చాలామందే ఉన్నారు. మీరూ వాళ్లలో ఒకరైతే ఒక సెలవు రోజు వెళ్లి, ఆ దండ ముందు నిలబడి, ఒక్కో పువ్వునూ పోల్చుకుంటూ తీరిగ్గా చూడండి.