ఉప్పుగూడ సమాధుల తోట

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన ఉన్న ఉప్పుగూడలో, 17వ శతాబ్దపు ఆర్మేనియన్లు, డచ్చివారు తమవారిని పూడ్చిపెట్టుకున్న చిన్న సమాధుల తోట ఒకటి మిగిలి ఉంది. డచ్చివారు మచిలీపట్నపు వర్తకంతో ఈ సీమకు వచ్చారు. ఆర్మేనియన్ల వ్యాపారానికి, 1604-05లో పర్షియా పాలకుడు షా అబ్బాస్ వారిని తరలించి ఇస్ఫహాన్ పక్కన నిలిపిన కొత్త జుల్ఫా కేంద్రం కాగా, పర్షియాతో సన్నిహిత సంబంధాలు నెరపిన గోల్కొండ కుతుబ్‌షాహీల కొలువు వారికి పరాయిది కాలేదు. ఇక్కడే కన్నుమూసినవారికి తమ లిపిలోనే శిలాక్షరాలు చెక్కించారు.

దేహాన్ని మట్టికి అప్పగించి, దాని మీద పేరు నిలిపే ఈ ఆచారానికి ఆధారం పునరుత్థానం, అంటే చనిపోయినవారిని దేవుడు దేహంతో తిరిగి లేపుతాడన్న విశ్వాసం. బైబిలు పాత నిబంధనలో మృతులు చేరే పాతాళం చాలావరకు నీడల లోకంగానే కనిపిస్తుంది. మట్టిలో నిద్రించేవారు నిత్యజీవానికి మేల్కొంటారన్న మాట స్పష్టంగా వినిపించేది దానియేలు గ్రంథం 12వ అధ్యాయంలో. యేసు కాలానికి యూదుల్లో పరిసయ్యులు దీన్ని నమ్మగా సద్దూకయ్యులు కొట్టిపారేశారు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో యేసు లేచాడన్నదాని మీదనే ఈ నిరీక్షణ మొత్తాన్ని నిలబెట్టి, పూడ్చిన దేహాన్ని విత్తనంతో పోల్చాడు: మొలిచేది వేరే రూపమే అయినా, విత్తినదానితో దానికి సంబంధం తెగదు. యోహాను సువార్త మరో అడుగు ముందుకు వేసి, దేవుణ్ణి ఎరగడమే నిత్యజీవమనీ, అది విశ్వసించినవానికి ఇప్పుడే మొదలవుతుందనీ చెబుతుంది.

అంత్యదినాన లేవడమన్న నమ్మకం పాతబస్తీకి కొత్తది కాదు. కుతుబ్‌షాహీల పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ పేరిట వెలసిన దాయిరా అనే సమాధుల తోటలో పూడ్చబడిన ముస్లింలూ ఖయామత్ కోసమే, అంటే తీర్పు దినం కోసమే ఎదురుచూస్తున్నారని వారి వారసుల విశ్వాసం. ఒకే నేలలో ముస్లింలు, క్రైస్తవులు ఇద్దరూ అదే దినం వైపు చూస్తున్నా, క్రైస్తవులకు ఆ దినం యేసు ఖాళీ సమాధితో ముందే మొదలైపోయింది.

తెలుగు క్రైస్తవుల వాడుకలో మాత్రం ఈ గట్టి సిద్ధాంతం కొంత పలచబడింది. ఆదివారం ఆరాధనలో శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నామని విశ్వాస ప్రమాణం పలికినవారే, ఎవరైనా పోయినప్పుడు వేయించే ఫ్లెక్సీల మీద ఆత్మకు శాంతి కలగాలని మాత్రమే కోరుకుంటారు. అది తప్పని అనలేము గానీ, దేహం సంగతి ఏమైందన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. నవంబరు 2న సమాధుల పండుగకు గోరీలకు సున్నం వేసి, పూలు పేర్చి, కొవ్వొత్తులు వెలిగించే కుటుంబాలలో కథోలికులు మృతుల శుద్ధి కోసం ప్రార్థించగా, ప్రొటెస్టెంట్లు వారిని తలచుకొని దేవునికి కృతజ్ఞత చెబుతారు. ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల తోటలో జరిపే ఆరాధనలో ఈ తేడా వెనక్కి పోతుంది. అక్కడికి వచ్చినవారు పాడేది పోయినవారి గురించి కాదు, లేచినవాని గురించి గనుక, పౌలు వాదానికి నవంబరు పండుగ కంటే ఈ వేకువ ఆరాధనే దగ్గరగా ఉందని చెప్పవలసి ఉంటుంది.