ఆట ఊళ్లోనే తయారయ్యేది

సినిమా వసూళ్ల లెక్క ఎవరు చెప్పినా నైజాం, ఆంధ్ర, సీడెడ్ అని మూడు పేర్లు వినిపిస్తాయి. సీడెడ్ అంటే సీమలోని పాత నాలుగు జిల్లాలు, వాటితోపాటు బళ్లారి. 1800లో నిజాం ఈ ప్రాంతంలో చాలా భాగాన్ని కుంఫిణీకి అప్పగించినప్పుడు పడ్డ పేరది. సర్కారు కాగితాల్లోంచి ఎప్పుడో పోయినా పంపిణీదారుల ఖాతా పుస్తకాల్లో నిలిచిపోయింది. కర్నూలు పట్టణం 1839 దాకా నవాబు కిందే ఉంది కాబట్టి దాన్ని సీడెడ్‌లో కలిపితే చరిత్రకారులు కాస్త సణుగుతారేమో. సినిమావాళ్లకు ఆ పట్టింపు లేదు.

ఈ సీడెడ్ గురించి మనం వినేదంతా వసూళ్ల మాటే. ఏ హీరోకు ఎంత వచ్చింది, ఏ హాల్లో ఎన్నాళ్లు ఆడింది, ఎన్ని టెంకాయలు పగిలాయి. ఆ ఆటను రోజూ ఆడించిన మనుషుల పనితనం మీద రాసింది తక్కువ. సినిమా మద్రాసులో తయారయ్యేది, నిజమే. ఆట మాత్రం కర్నూల్లో, కడపలో, ఆళ్లగడ్డలో, మైదుకూరులో ఏ పూటకాపూట చేత్తో తయారయ్యేది.

తెర మీద బొమ్మను చూడటం సీమకు సినిమా నేర్పలేదు. దీపం వెలుగును వెనక పెట్టుకుని తెల్లబట్ట మీద రామాయణం నడిపించే తోలుబొమ్మలాటవాళ్లు అంతకుముందే ఊరూరా ఉన్నారు. ఆ ఆటగాళ్ల కుటుంబాల నుంచే సురభి నాటక సమాజం పుట్టింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు బృందం ఆడిన కీచకవధతో దాని కథ మొదలైంది. మనుషులు గాల్లో ఎగరడం, వేదిక మీద వాన కురవడం, మాయాబజార్ మాయలు, ఇవన్నీ సురభివాళ్లు కప్పీలతో, తాళ్లతో చేసి చూపించినవే. అందుకే తర్వాత పౌరాణిక సినిమా వచ్చినప్పుడు ఇక్కడి జనం బెదరలేదు, సరిపోల్చి చూశారు.

డేరా సినిమా దక్షిణాదికి వచ్చిన దారి వేరు. 1905లో తిరుచ్చి రైల్వేలో గుమాస్తాగా ఉన్న సామిక్కన్ను విన్సెంట్ ఓ ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరు కొని ఊరూరా తిరిగాడు. మద్రాసులో రఘుపతి వెంకయ్య హాళ్లు కట్టించాడు. బెజవాడలో మారుతి టాకీసు 1921లో వచ్చింది. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు బొమ్మకు మాటొచ్చింది. ఆ తర్వాతి కథలో మనవాళ్ల చెయ్యి పెద్దది. పులివెందుల దగ్గరి కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్.రెడ్డి, ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి, తాడిపత్రి నుంచి వెళ్లిన కె.వి.రెడ్డి, డబ్బు పెట్టిన మూలా నారాయణస్వామి, వీళ్లు లేకుండా వాహినీ, విజయా లేవు. మల్లీశ్వరి, పాతాళభైరవి రెండూ 1951లోవే. అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే పురస్కారం వచ్చింది, 1974లో అన్నకు, 1986లో తమ్ముడికి. ఆ పేర్లు అందరికీ తెలుసు. వాళ్ల సినిమా రేకు డబ్బాల్లో సొంత జిల్లాకు తిరిగొచ్చాక దాన్ని తెర మీదికి ఎక్కించినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

టూరింగ్ టాకీసు అంటే గుడారం, నాలుగు వైపులా తడికెలు, ఒక ప్రొజెక్టరు, ఒక ఆయిల్ ఇంజను. పగలు వెలుతురు చొరబడుతుంది గనక రాత్రి రెండు ఆటలే. పొద్దు గుంకగానే గుడారం మీది మైకులో ఘంటసాల గొంతుతో వెంకటేశ్వరస్వామి పాట మొదలయ్యేది. ఆ పాట చుట్టుపక్కల పల్లెలకు గడియారం కింద లెక్క. అన్నం ముందున్నవాళ్లు నాలుగు ముద్దలు మింగి బయల్దేరేవారు. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా లైటు వేసి, కొత్త రీలు ఎక్కించి, మళ్లీ ఆర్పేవారు. నేల టికెట్టు కొన్న పిల్లలు ముందే వచ్చి ఇసుక కుప్పగా పోగు చేసుకుని దాని మీద కూర్చునేవారు. వెనకవాడు కాలితో ఆ కుప్పను తన్నేవాడు. ఆటలో మొదటి గొడవ అక్కడే.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న 1955లోనే సినిమా హాళ్ల నియంత్రణ చట్టం వచ్చింది. టూరింగు, తాత్కాలికం, అర్ధ శాశ్వతం, శాశ్వతం అని తరగతులు ఏర్పడ్డాయి. గుడారం పోయి రేకుల షెడ్డు, షెడ్డు పోయి గోడల హాలు వచ్చాయి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు గనుల్లోంచి వచ్చే నాపబండలు సీమలో ఇళ్లకెంత వాడారో హాళ్లకూ అంతే వాడారు. వేసవిలో ఆ బండ మీద కూర్చున్న నేల క్లాసువాడికి కిందైనా చల్లగా ఉండేది. పైన రేకుల కింద కుర్చీలో కూర్చున్నవాడు ఎక్కువ డబ్బిచ్చి ఎక్కువ ఉడికిపోయేవాడు.

ఇక అసలు పని. ప్రొజెక్టరు గదిని ఆపరేటర్లు క్యాబిన్ అంటారు. తెరకు ఎదురుగా రెండు మూడు కంతలు, వాటి పైన ఇనుప రేకు మూతలు, మూలన ఇసుక బకెట్లు. ఇసుకకు కారణముంది. 1950ల తొలినాళ్ల దాకా వాడిన నైట్రేటు ఫిల్ము అంటుకుంటే ఆరదు. తర్వాత వచ్చిన ఫిల్ము అంత ప్రమాదకరం కాకపోయినా, ప్రొజెక్టరు గేటు దగ్గర కదలకుండా ఒక్క క్షణం ఆగితే చాలు, దీపం వేడికి కరిగిపోయేది. హీరోయిన్ ముఖం మీద గోధుమరంగు బుడగ లేచి పెద్దదై తెరంతా తెల్లబడటం మా తరం అందరం చూసిందే.

ఆ దీపం బల్బు కాదు. రాగిపూత వేసిన రెండు కార్బన్ కడ్డీలను ఒకదానికొకటి తాకించి, వెంటనే కొంచెం ఎడం చేస్తే మధ్యలో మెరుపు నిలుస్తుంది. కడ్డీలు కాలుతూ తరిగిపోతాయి, ఎడం పెరుగుతుంది, వెలుగు మారుతుంది. నల్లద్దం లోంచి ఆ మంటను చూస్తూ, పిడి తిప్పుతూ ఎడాన్ని ఒకే తీరుగా ఉంచాలి. ఆపరేటర్ బీడీ ముట్టించుకునే లోపు తెర పసుపు పచ్చగా మారిపోయేది, కింద నుంచి ఈలలు లేచేవి. ఈల వినగానే చెయ్యి పిడి మీదికి పోవడం ఆ పనిలో మొదటి పాఠం. జీనాన్ దీపాలు వచ్చాక ఈ పని పోయింది.

ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున పరిగెత్తుతుంది. అడుగుకు 16 బొమ్మలు, నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు, అంటే నాలుగు కిలోమీటర్లకు పైమాటే. నిజానికి అది ఎడతెగకుండా పరిగెత్తదు. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, మళ్లీ కదులుతుంది. కదిలేటప్పుడు రెక్క అడ్డొచ్చి వెలుగును ఆపుతుంది. ఆగుతూ నడిచే ఫిల్ముకూ, ఆగకుండా తిరిగే చక్రాలకూ మధ్య తెగిపోకుండా పైనా కిందా కాస్త వదులు వదలాలి. దాన్ని లూపు అంటారు. ఫిల్ము అంచున ఉండే శబ్దం గీత తన బొమ్మకు సుమారు ఇరవై బొమ్మల ఎడంగా అచ్చయి ఉంటుంది. కింది లూపు పెద్దదైతే పెదవి ముందు కదిలి మాట వెనక వస్తుంది. మంచి ఆపరేటర్ కొలబద్ద పెట్టి చూసేవాడు కాదు. రెండు వేళ్లు దూర్చి చూసేవాడు, సరిపోయేది.

రెండు ప్రొజెక్టర్లున్న హాల్లో ఇంకో విద్య కావాలి. రీలు అయిపోవడానికి ఏడెనిమిది సెకన్ల ముందు తెర కుడి పైమూలన చిన్న చుక్క మెరుస్తుంది. అది కనపడగానే రెండో యంత్రం మోటారు వెయ్యాలి. చివరి సెకనులో ఇంకో చుక్క. అప్పుడు ఒక దాని మూత మూసి రెండో దాని మూత తెరవాలి. కుదిరితే కింద కూర్చున్నవాడికి రీలు మారినట్టే తెలియదు. చేసిన పని ఎవరి కంటా పడకపోవడమే ఆ విద్యలో గెలుపు. చిన్న ఊళ్లకు వచ్చేసరికి రీలు చివరలు తెగి, అతికి, ఆ చుక్కలు పోయేవి. అప్పుడు ఆపరేటర్లు మేకుతోనో సూదితోనో సొంత గుర్తులు గీసుకునేవారు. ముందు ఊరి ఆపరేటర్ గీసిన గీతను బట్టి వాడి చెయ్యి ఎలాంటిదో తర్వాతి ఊరివాడు చెప్పేవాడట.

తెగిన చోట అతకడానికి బ్లేడుతో పైపూత గీకి, ఫిల్ము సిమెంటు రాసి నొక్కిపెట్టాలి. ప్రతి అతుకుకూ ఒకటి రెండు బొమ్మలు పోతాయి. పెద్ద ఊళ్లలో మొదట ఆడి, నెలలు గడిచాక చిన్న ఊళ్లకు వచ్చిన ప్రింట్లో పాట మధ్యలో ఎగిరిపడేది. కత్తిరించిన ఆ ముక్కలు హాలు వెనక చెత్తలో దొరికేవి. బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండ పట్టి, ఇంటి గోడ మీద బొమ్మ చూసిన పిల్లలకు సినిమా మీద భక్తితో పాటు కాంతిశాస్త్రం కూడా కొంత వచ్చింది.

హాలు చుట్టూ ఇంకా పనివాళ్లుండేవారు. బస్సు మీద బాక్సు దించుకునేవాడు. ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడుతుంటే అయిపోయిన రీళ్లను సైకిలు మీద రెండో హాలుకు చేర్చేవాడు. రిక్షాలో మైకు పట్టుకుని కరపత్రాలు వెదజల్లేవాడు. అద్దం ముక్క మీద రంగులతో ఊరి బట్టలకొట్టు ప్రకటన రాసేవాడు. ఆట మధ్యలో డాక్టరు గారి కోసం కబురొస్తే, మసి పట్టించిన అద్దం మీద పుల్లతో గీసి తెర మీద వేసేవారు. పాటల పుస్తకం అమ్మేవాడి దగ్గర కథ సగం దాకా ఉండి, మిగతాది వెండితెర మీద చూడమని ముగిసేది. ఇంటర్వెల్లో బొరుగులు, ఉడకబెట్టిన శెనక్కాయలు, గోలీసోడా. హాలు యజమాని ఏడాది లెక్క కూడా ఆ శెనక్కాయల మీదే. పంట చేతికొచ్చిన నెలల్లో హాలు నిండేది, వాన ఎగ్గొట్టిన ఏడు ఈగలు తోలుకునేది. కర్నూలు-కడప కాలువ పారే ఊళ్ల హాళ్లు కాస్త నిలకడగా నడిచేవి.

సినిమా హాలు అందరినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టిన తొలి ప్రదర్శనశాల అని తమిళ సమాజం గురించి పండితుడు కార్తిగేసు శివతంబి రాశాడు. మన సీమకూ ఆ మాట వర్తిస్తుంది, కొంచెం తగ్గించి చెప్పుకుంటే. బెంచీ దగ్గర ఊరిపెద్ద కనపడితే లేచి నిలబడే అలవాటు హాల్లోకి కూడా వచ్చింది. కానీ చీకట్లో అది అమలు చేయడం కష్టం. ఆడవాళ్లకు అడ్డగోడ పెట్టి వేరే వైపు చోటుండేది. 1963లో లవకుశకు బండ్లు కట్టుకుని వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఇల్లు, పొలం, గుడి కాక నలుగురిలో కూర్చున్న మరో చోటు అదే. కర్నూలు, కడప, ఆదోని ముస్లిం పేటల ఆదరణతో హిందీ సినిమాలకూ ఇక్కడ సొంత ప్రేక్షకులుండేవారు. ఇక హాలు పేరే అడ్రసు. కడపలో అప్సర సర్కిల్ అంటే ఆటో ఎక్కినవాడికి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఈ హాళ్లను టీవీ చంపిందంటారు. నేనది సగమే ఒప్పుకుంటాను. 1984లో రాష్ట్రం వినోదపు పన్ను తీరు మార్చింది. అమ్మిన టికెట్టును బట్టి కాక, హాలు నిండితే ఎంత వస్తుందో ఆ మొత్తాన్ని బట్టి పన్ను కట్టాలి. నిండిన వారాల్లో యజమానికి లాభం, ఖాళీ వారాల్లో ఉరి. ఏడాదిలో ఎన్ని వారాలు నిండుతాయో మబ్బు చెప్పాల్సిన ప్రాంతంలో ఇదెలా పడుతుందో ఊహించవచ్చు. యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1993లో కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. తర్వాత శాటిలైటు ద్వారా, హార్డుడిస్కుల్లో సినిమా వచ్చేసరికి కొత్త బొమ్మ మొదటి రోజే మైదుకూరుకు చేరింది. అది మేలే. కాకపోతే అన్ని ఊళ్లలో ఒకేసారి పడ్డ సినిమా అన్ని ఊళ్లలో ఒకేసారి లేచిపోయింది. 2021 ఏప్రిల్‌లో పల్లెల్లో ఏసీ లేని హాళ్లకు కనీస టికెట్టు 5 రూపాయలన్నారు, మరుసటి ఏడాది మార్చిలో దాన్ని 20 చేశారు. అప్పటికే ఎన్నో హాళ్లు ఫంక్షన్ హాళ్లుగానో గోదాములుగానో మారిపోయాయి.

హాళ్లను తిరిగి తెరవమని అడగడం అత్యాశే. యంత్రాలను, పనిని దాచుకోమని అడగవచ్చు. పాత హాలు కొన్నవాళ్లు క్యాబిన్‌లోని ప్రొజెక్టరును తూకానికి అమ్మకండి. కరపత్రాలు, పాటల పుస్తకాలు, రోజువారీ కలెక్షన్ చిట్టాలు ఉంటే కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, అక్కడికి చేర్చండి. కార్బన్ల మీద పనిచేసిన ఆపరేటర్లు ఇప్పుడు వయసు మళ్లినవాళ్లు. మీ వీధిలో ఒకరుంటే ఫోనులో వీడియో పెట్టి, ఫిల్ము ఎలా ఎక్కించేవారో ఆయన చేతులతోనే చేసి చూపించమనండి. ఈ ఎండాకాలం లోపే అడగండి.