తర్కం రావడం, తర్కాన్ని లెక్కచేయడం

గోరా ఆత్మకథ ‘వుయ్ బికమ్ ఎథీస్ట్స్’ని తెలివి మూఢత్వాన్ని గెలిచిన కథగా చదవడం మనకి అలవాటు. ఆ చదువు చాలదనిపిస్తుంది నాకు. షామీర్‌పేట దగ్గర, జీనోమ్ వ్యాలీలో పనిచేసే మిత్రులున్నారు. ల్యాబ్‌లో కంట్రోల్ లేకుండా ఒక్క రీడింగ్ కూడా నమ్మరు. పెళ్లి ముహూర్తానికి మాత్రం ఏ రుజువూ అడగరు. వీళ్లకి విశ్లేషణ రాదనగలమా?

విశ్లేషించి ఆలోచిస్తే మతవిశ్వాసం తగ్గుతుందని 2012లో ‘సైన్స్’ పత్రికలో జర్వేస్, నొరెంజయాన్ రాశారు. రోడాన్ శిల్పం ‘థింకర్’ ఫొటో చూపించినా తగ్గిందట! 2017లో వేరే బృందం ఆ ఫొటో ప్రయోగాన్నే మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు.

గోరా వృక్షశాస్త్రం లెక్చరర్. ఆ శాస్త్రం చదివిన అందరి ఉద్యోగాలూ పోలేదు. ఆయనది పోయింది: 1933లో, కాకినాడ పి.ఆర్. కాలేజీలో, నాస్తికుడైనందుకు. సరస్వతి గోరా కడుపుతో ఉండి గ్రహణం చూశారు. తర్కం వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. వీళ్లిద్దరూ దాన్ని బతుకులో లెక్కచేశారు, అదీ తేడా.

నమ్మేవాళ్లంతా తెలివితక్కువవాళ్లనే ధీమా పక్కనపెట్టి చదివితే, ఈ పుస్తకం మన వైపే తిరుగుతుంది: రుజువుని గౌరవించడానికి నువ్వేం వదులుకున్నావు?