బెలూన్ ఎక్కే పుస్తకం

ఎంఎస్ పట్టా చేతికొచ్చిన రోజు మా పిన్ని ఒక బొమ్మల పుస్తకం ఇచ్చింది. డాక్టర్ స్యూస్ రాసిన 'ఓ, ది ప్లేసెస్ యు విల్ గో!' నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మొహం ఎలా పెట్టానో ఏమో, "ఇక్కడ డిగ్రీ అయితే అందరూ ఇదే ఇస్తార్రా" అని సంజాయిషీ చెప్పుకుంది.

నిజమే, ఇస్తారు. 1990లో వచ్చిన పుస్తకం. రచయిత బతికుండగా అచ్చయిన వాటిలో ఇదే ఆఖరుది, మరుసటి ఏడు పోయాడు. అమెరికాలో ఏటా మే, జూన్ నెలల్లో దీని అమ్మకాలు ఎగబాకుతాయి. కొందరు తల్లిదండ్రులైతే పిల్లలు కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడే కొని, ఏటా టీచర్ల చేత రహస్యంగా సంతకాలు పెట్టించి, పన్నెండో తరగతి అయ్యాక చేతిలో పెడతారు. ఈ ఆచారం మాత్రం నాకు భలే నచ్చింది.

నా పేచీ పుస్తకంతో. పసుపు బట్టల కుర్రాడొకడు ఊరు దాటి బయల్దేరతాడు, చారల బెలూన్‌లో ఎగురుతాడు, చెట్టుకి చిక్కుకుంటాడు, కింద పడతాడు. అక్కడిదాకా బానే ఉంది. తర్వాత 'వెయిటింగ్ ప్లేస్' వస్తుంది. ఇంత పనికిమాలిన చోటు ఇంకోటి లేదంటాడు రచయిత. అక్కడ అందరూ ఊరికే ఎదురుచూస్తుంటారు. బస్సు కోసం, ఫోన్ కోసం, జుట్టు పెరగడం కోసం, ఎవరో అవుననో కాదనో చెప్పడం కోసం. అన్నీ ఒకే గాటన. పేజీ తిప్పితే మన కుర్రాడు బయటపడిపోయి ఉంటాడు, బ్యాండ్లు మోగుతుంటాయి. ఎలా బయటపడ్డాడయ్యా అంటే, ఎలాగోలా.

ఆ 'ఎలాగోలా' దగ్గరే నాకు మండింది. ఎందుకంటే నేనప్పుడు ఓపీటీలో ఉన్నాను. ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. రోజూ పొద్దున్నే లేచి వేళ్ళ మీద లెక్క. జుట్టు పెరగడం కోసం చూసేవాడూ, అవునో కాదో వినడానికి చూసేవాడూ ఒకటేనా? ఎదురుచూపు సోమరితనం కాదు, ఒక్కోసారి అది చట్టం. 71వ రోజు ఆఫరొచ్చింది. ఎలాగోలా రాలేదు. వరంగల్ సీనియర్ ఒకాయన, అంతకుముందు రెండుసార్లు మాట్లాడాడంతే, నా రెజ్యూమె తీసుకెళ్ళి తన మేనేజర్‌కిచ్చాడు. పుస్తకంలో లేనిది ఆయనే. మాటల్లో ఎంత వెతికినా ఆ కుర్రాడికి ఎవరూ దారి చెప్పరు, చెయ్యివ్వరు. అన్నీ నీ బుర్రా, నీ కాళ్ళూనే.

అయితే స్యూస్‌ని మరీ తిట్టలేను. ఒంటరితనం గురించీ, భయం గురించీ చెప్పకుండా దాటేయలేదు. గెలుపు ఖాయమంటూనే నూటికి నూరు అనకుండా, చిన్న ముక్క తగ్గించి చెబుతాడు. గిఫ్ట్ ప్యాక్ చేసేవాళ్ళకి ఆ తగ్గించిన ముక్క గుర్తుండదు, అంతే. పైగా ఆయనకి వెయిటింగ్ తెలీదనుకోవడం తప్పు. 1986లో 'యు ఆర్ ఓన్లీ ఓల్డ్ వన్స్!' అని ఒక ముసలాయన క్లినిక్‌లో పరీక్ష తర్వాత పరీక్షకి తిరగడం మీద బొమ్మల పుస్తకం వేశాడు. అందులో ఎదురుచూసేవాడి మీద జాలి ఉంది, నవ్వు ఉంది. నాకు అదే మంచి పుస్తకం అనిపిస్తుంది. కానీ దాన్ని పట్టా పుచ్చుకున్న పిల్లకి ఎవరిస్తారు?

ఈ జూన్‌లో పిన్ని కూతురు హైస్కూల్ అయిపోయింది. పిన్ని పదమూడేళ్ళుగా బీరువాలో దాచిన ప్రతి తీసింది. ఎందరో టీచర్ల సంతకాలు, ఒకావిడ వేసిన సీతాకోకచిలుక కూడా. "నువ్వూ ఒక మాట రాయి" అంది. మొదటి పేజీలో చోటు లేదు. వెయిటింగ్ ప్లేస్ బొమ్మ పక్కన ఖాళీ ఉంటే అక్కడ నా ఫోన్ నంబర్ రాశాను.

పిన్ని కళ్ళజోడు సర్దుకుని చూసి, "నీ నంబర్ దాని దగ్గర ఉందిగా" అంది.