రావులపాలెం ముక్కు

వైన్ రుచి చూడడం నేర్పే పుస్తకాలు తెరిస్తే నాకు ముందు పళ్ల బెంగ పట్టుకుంటుంది. బ్లాక్‌కరంట్, గూస్‌బెర్రీ, క్విన్స్... అమలాపురంలో పెరిగినవాడికి ఇవన్నీ బొమ్మల్లోనే తెలుసు. దక్షిణాఫ్రికా సీసాలతో ఆ చిక్కు తక్కువ. అక్కడ ఎక్కువగా పండే షెనిన్ బ్లాంక్‌లో జామపండు వాసనొస్తుంది, పినొటాజ్‌లో ఒక్కోసారి అరటిపండు. రెండూ మన పెరట్లోవే.

పినొటాజ్ అక్కడే పుట్టిన ద్రాక్ష. 1925లో స్టెలెన్‌బాష్‌లో అబ్రహాం పెరోల్డ్ అనే ప్రొఫెసర్ పినో న్వార్‌నీ సాన్సోనీ సంకరం చేశాడు. ఆ పేరు సీసా మీదికెక్కేసరికి 1961 వచ్చింది. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్ట్ వల్ల ఐసోఅమైల్ ఎసిటేట్ పుడుతుంది. మాగిన అరటిపండుకు వాసన తెచ్చేదీ అదే. కాస్త తగిలితే ముచ్చటగా ఉంటుంది. ముదిరితే భరించలేం.

మొన్న మా బావమరిది కేప్‌టౌన్ నుంచి తెచ్చిన సీసా తీశాం. రావులపాలెంలో గెలల వ్యాపారం చేసే మా పిన్ని కొడుకు గ్లాసు నోటి దాకా కూడా తీసుకెళ్లలేదు. వాసన చూసి, “చక్కెరకేళి మరీ మాగిపోయింది అన్నయ్యా, రేపటికి అమ్ముడుపోదు” అనేశాడు. నేను తాగి చూసి 20కి 12 వేశాను. వాడి మాటకు నా మార్కులు కొత్తగా కలిపిందేమీ లేదు.

నాలుక తీపి, పులుపు, చేదు లాంటి నాలుగైదు సంగతులే చెబుతుంది, మిగతాదంతా ముక్కు పనే. జలుబు చేసిననాడు ఆవకాయ కూడా ఉప్పూ కారమే కదా! అందుకే గ్లాసులో మూడో వంతే పోసుకుని, తిప్పి, వాసన చూడాలి. ఆ తర్వాతే గుక్క. నోరంతా తిప్పి ఉమ్మేశాక రుచి ఎంతసేపు నిలిచిందో చూస్తాను. నా మార్కుల్లో సగం దానికే.

ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలంటారు. అది 16, 18 డిగ్రీలుండే గదుల మాట. మే నెలలో మన ఇళ్లలో అలాగే వదిలేస్తే ఆల్కహాల్ ముక్కుకు కొట్టి మిగతా వాసనలేవీ తెలియనివ్వదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే తీర్పు చెప్పండి.

కేప్‌లో తొలి వైన్ తీసింది 1659 ఫిబ్రవరి 2న, డచ్ కంపెనీ అధికారి యాన్ వాన్ రీబెక్ హయాంలో. గోదావరి దాటితే వచ్చే పాలకొల్లులో బట్టల వ్యాపారం చేసిందీ ఆ కంపెనీయే. కేప్ తోటల్లో చాకిరీ చేసిన బానిసల్లో మన కోరమాండల్ తీరంలో ఓడ ఎక్కించినవాళ్లూ ఉన్నారు. సీసా మీద తోట వయసు గొప్పగా అచ్చేస్తే నాకు వాళ్లే గుర్తొస్తారు. ఆ వయసుకు నేను మార్కులు కలపను.

షెనిన్‌కు మాత్రం ధారాళంగా వేస్తాను, ముఖ్యంగా పక్కన రొయ్యల వేపుడుంటే. పులస పులుసుతో ఏ సీసా తీయకండి. చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది, డబ్బు దండగ.