వెనక నుంచి తోసిన చెయ్యి

సెలవులకి సముద్రం ఉన్న ఊరు వెళ్ళి, అక్కడ ఒక పూట సర్ఫింగ్ నేర్చుకుని, తిరిగొచ్చి దాని గురించి రాయడం ఇప్పుడు మామూలైపోయింది. తెలుగులో కూడా ఇలాంటివి కనిపిస్తున్నాయి, ఎక్కువగా ఫొటో కింద నాలుగు పేరాలుగా. అన్నిటిదీ ఒకటే నడక. మొదట భయం. తర్వాత ఉప్పునీళ్ళు మింగడం. పది పన్నెండుసార్లు పడటం. చివరికి ఒక్కసారి పలక మీద లేచి నిలబడటం. ఆ పైన జీవితం గురించి ఒక వాక్యం. ఈ నడక ఎక్కడి నుంచి వచ్చిందా అని వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే నూరేళ్ళు దాటిన ఒక వ్యాసం దగ్గర ఆగాను. జాక్ లండన్ రాసిన ‘ఎ రాయల్ స్పోర్ట్’. 1907లో ఒక పత్రికలో వచ్చి, 1911లో ‘ది క్రూయిజ్ ఆఫ్ ద స్నార్క్’ అనే పుస్తకంలో చేరింది.

లండన్ ‘స్నార్క్’ అనే సొంత పడవలో హవాయి చేరాడు. వైకీకీ ఒడ్డున కూర్చుని, విరుగుతున్న అల మీద నిలబడి వస్తున్న ఒక స్థానికుణ్ణి చూశాడు. కాళ్ళకి రెక్కలున్న మెర్క్యురీ దేవుడిలా కనిపించాడట. వెంటనే ఇంకో ఆలోచన: అతను చెయ్యగలిగింది నేనెందుకు చెయ్యలేను? అక్కణ్ణుంచి అల అంటే ఏమిటో ఒక చిన్న పాఠం. సముద్రం మధ్య నుంచి నీళ్ళు నడిచి రావు, కదలిక మాత్రమే వస్తుంది. లోతు తగ్గేచోట అల అడుగుభాగం వేగం తగ్గి, పైభాగం ముందుకు తూలి విరుగుతుంది. నేను ఇంజనీరింగ్ చదువుకున్నవాణ్ణి. ఈ సంగతిని ఇంత తేలిగ్గా, ఒక్క సమీకరణం లేకుండా చెప్పిన పేజీలు నా పాఠ్యపుస్తకాల్లో చూడలేదు. కాబట్టి ఈ వ్యాసాన్ని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. బాగా రాసిన వ్యాసం కాబట్టే దాని అలవాట్లు ఇన్నాళ్ళు బతికాయి.

ఆ అలవాట్లలో ఒకటి జాగ్రత్తగా చూడాలి. లండన్ మొదట ఒక చిన్న పలక తీసుకుని లోతులేని చోట ఆడుకుంటున్న స్థానిక పిల్లల పక్కన చేరతాడు. అల రాగానే పిల్లలు పలకల మీద ఒడ్డుకి జారిపోతారు, ఇతను మాత్రం ఉన్నచోటే ఉంటాడు. వాళ్ళు చేసినట్టే చెయ్యడానికి చూస్తాడు, కుదరదు. అప్పుడు అలెగ్జాండర్ హ్యూమ్ ఫోర్డ్ అనే అమెరికన్ వస్తాడు. ఆ చిన్న పలక పారేయమని, తన పెద్ద పలక ఇచ్చి, ఎలా పడుకోవాలో చూపించి, మంచి అల కోసం ఆగి, సరిగ్గా వేళకి వెనక నుంచి ఒక తోపు తోస్తాడు. లండన్ మొదటిసారి అల మీద ఒడ్డుకొస్తాడు. ఆ తోపుని దాచలేదు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఫోర్డ్ గురించి ఒక మాట అంటాడు: ఇతనికి నేర్పినవాళ్ళెవరూ లేరు, వారాల తరబడి కష్టపడి తనంతట తానే నేర్చుకున్నాడు, దాన్ని నాకు అరగంటలో అందించాడు అని.

నేర్పినవాళ్ళెవరూ లేరు! చోటేమో వైకీకీ. రెండు పేజీల ముందే నీళ్ళనిండా పిల్లలు. ఒడ్డు మీద నుంచి చూసిన ఆ మెర్క్యురీ కూడా అక్కడివాడే. తోసిన చెయ్యి ఫోర్డ్‌ది అయినప్పుడు దానికి పేరుంది. ఫోర్డ్ ఆ విద్యని చూసి నేర్చుకున్నవాళ్ళకి పేరు లేదు సరికదా, వాళ్ళు గురువుల లెక్కలోకే రాలేదు. వ్యాసంలో కొంత హవాయి రక్తం ఉన్న జార్జ్ ఫ్రీత్ కూడా ఉన్నాడు, కొంత నేర్పుతాడు కూడా, కానీ ఎక్కువగా అందుకోవాల్సిన ఎత్తుగా. ఒళ్ళంతా ఎండకి కాలి మంచం మీద పడుకుని, రేపు నేను కూడా ఫోర్డ్‌లాగా ఫ్రీత్‌లాగా నిలబడి వస్తాను అనుకోవడంతో వ్యాసం అయిపోతుంది.

లండన్ కంటే ముందు, 1866లో, మార్క్ ట్వేన్ అదే దీవులకి వెళ్ళాడు. 1872లో వచ్చిన ‘రఫింగ్ ఇట్’లో ఒక చిన్న పేరా ఉంది. పలక ముక్కాలు క్షణంలో ఒడ్డుకి కొట్టుకొచ్చింది, సరుకు లేకుండా. సరుకేమో అదే సమయానికి సముద్రం అడుగున ఉంది. ఇది స్థానికులకి తప్ప ఇంకెవరికీ పట్టుబడే విద్య కాదని తేల్చేశాడు. ట్వేన్ తమాషా నాకు లండన్ పంతం కన్నా ఇష్టం. అయితే ఒకరు అది వాళ్ళకే పుట్టుకతో వచ్చిందన్నారు, ఇంకొకరు నేనూ చెయ్యగలనన్నారు. దాన్ని నేర్పుతారని, నేర్పడం ఒక పని అని ఇద్దరికీ తట్టలేదు.

నేను ఈ రెండూ చదివింది రుషికొండలో ఒక రోజు గడిపి వచ్చిన తర్వాత. వైజాగ్‌లో డిసెంబరు సెలవులు. పొద్దున ఆరున్నరకి పాఠం మొదలు. నేర్పే కుర్రాడికి ఇరవై నాలుగేళ్ళుంటాయి, పక్కనే ఉన్న మత్స్యకారుల ఊరు. ముందు ఇసకలో పలక పెట్టి బోర్లా పడుకోవడం, చేతులు ఛాతీ పక్కన ఆనించడం, ఒక్క ఊపులో లేవడం. పలక మెత్తటి ఫోమ్‌ది, తొమ్మిదడుగులు. చీలమండకి తాడు. తర్వాత నడుం లోతు నీళ్ళు. అతను నా వెనక నిలబడి పలక తోక పట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు, నేను ఒడ్డు వైపు చూస్తున్నాను. నాకు అలలు కనపడవు. వినపడతాయి. ప్రతి చప్పుడికీ నేను సిద్ధమైపోతుంటే, “ఇది కాదు సార్. దీని వెనకది కూడా కాదు,” అంటున్నాడు. అలా అయిదారు అలల్ని పోనిచ్చాక, “ఇదుగో, లెగండి, లెగండి సార్!” అని ఒక్క తోపు. గంటన్నరలో ఒకసారి మూడు సెకన్లు నిలబడ్డాను. ఆ మూడు సెకన్లలో అలని ఎంచింది అతను, వేళ చూసింది అతను, వేగం ఇచ్చింది అతను. మోకాళ్ళు వంచడం మాత్రం నాది.

ఒడ్డు నుంచి అతని స్నేహితుడు ఫొటో తీశాడు. అందులో నేనున్నాను, నురగ ఉంది, వెనక సముద్రం ఉంది. అతను లేడు. దీనికి ఎవరి దుర్బుద్ధీ అక్కర్లేదు. తోసినవాడు అక్కడే నీళ్ళలో ఆగిపోతాడు, పలక పది గజాలు ముందుకొచ్చేస్తుంది, ఫోన్ పలకనే వెతుకుతుంది. మన వ్యాసాలు కూడా ఆ ఫొటోలాగే ఉంటాయి. చూపు ఎప్పుడూ కదులుతున్నవాడి మీద ఉంటుంది కాబట్టి కదిలించినవాడు వాక్యంలోంచి జారిపోతాడు. మహా అయితే ‘మా ఇన్‌స్ట్రక్టర్ చాలా ఓపికగా నేర్పాడు’ అనే ఒక్క ముక్క. ఓపిక గుణం. ఏ అల వదలాలో తెలియడం జ్ఞానం. మనం మొదటిదానికి థాంక్స్ చెప్పి రెండోదాని గురించి అడగం.

మేముండేది తార్నాకలో. ఆదివారాలు పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడిచి, ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చుని నలుగురైదుగురం ఏదో ఒకటి చదువుకుంటాం. 1939లో తెరిచిన ఆ రాతి భవనం ముందు కూర్చుంటే సముద్రం చాలా దూరం అనిపిస్తుంది, నిజంగానే దూరం కూడా. లండన్ వ్యాసాన్ని నేను తెలుగులో చెప్తూ చదివాను. వింటున్నవాళ్ళలో భీమిలి వైపు జాలరి కుటుంబం నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్ ఒకతను ఉన్నాడు. అంతా విని, “అన్నా, మావోళ్ళకి అల ఎక్కేది కాదు, దాటేది,” అన్నాడు. “తెల్లారగట్ల తెప్ప దింపినప్పుడు ఒడ్డు కాడ విరిగే అలలు దాటడమే కష్టం. దాటేస్తే లోపల నెమ్మదిగానే ఉంటాది.” మరి తిరిగొచ్చేటప్పుడు అని అడిగాను. “అప్పుడు అలే తోస్తాది. చేపలతో, బోల్తా పడకుండా రావాలి. ఏ అల మీద రావాలో చూసుకుని వస్తారు. మీరు డబ్బులిచ్చి నేర్చుకున్నది అదే కదా.”

ఆ మాటతో రుషికొండ కుర్రాడి “ఇది కాదు సార్” నాకు ఇంకోలా అర్థమైంది. అది మూడు నెలల శిక్షణలో వచ్చిన మాట కాకపోవచ్చు. తెప్ప మీద ఒడ్డుకి రావడానికి సరైన అల కోసం ఆగడం ఆ తీరంలో తరాలుగా ఇంటి పని. సర్ఫింగ్ పలక కొత్తది, ఆగడం పాతది. హైదరాబాదులోనే, ప్రగతినగర్ దగ్గర, ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని తీరం మొత్తానికీ అలల ఎత్తు, ఏ దిక్కునుంచి వస్తున్నాయి, ఎన్ని సెకన్లకొకటి అని ముందే లెక్కకట్టి చెప్తుంది. గొప్ప పని, మత్స్యకారుల ప్రాణాలకి సంబంధించిన పని. అయినా ఆ లెక్క సముద్రం గురించి. వస్తున్న ఆరు అలల్లో ఆరోది అని చెప్పేది నడుం లోతు నీళ్ళలో నిలబడ్డ మనిషే.

మన మాటలు కూడా ఈ మనిషిని దాచడంలో సాయం చేస్తున్నాయి. సర్ఫింగ్‌ని పేపర్లు ‘అలలపై స్వారీ’ అంటాయి. వినడానికి బాగుంది. కానీ స్వారీ అంటే గుర్రం, కళ్ళెం, పైన ఒక రౌతు. లండన్ కూడా సరిగ్గా ఇదే బొమ్మ వేశాడు: సముద్రాన్ని లొంగదీసుకుని దాని వీపు మీద రాజులాగా రావడం. హవాయి భాషలో దీన్ని ‘హెఎ నలు’ అంటారు. హెఎ అంటే జారడం, నలు అంటే అల. అల మీద జారడం. ఇందులో రౌతు లేడు. పైగా ఆ ‘నలు’ అనే మాటకే ఆలోచించడం, తర్కించుకోవడం అనే అర్థం కూడా నిఘంటువులో ఉంది. మనకి జారుడుబండ ఉంది, జారుడుబల్ల ఉంది. ‘అల జారుడు’ అంటే పిల్లల ఆటలా వినపడుతుందని మొహమాటం ఎందుకు? లండన్ మొదట చూసిన గురువులు పిల్లలే కదా.

ఇంకో మాట ‘కుర్రాడు’. నేను కూడా పైన అదే రాశాను, అక్కడ అందరూ అదే అంటారు. వైకీకీలో ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో టూరిస్టులకి సర్ఫింగ్ నేర్పి బతికిన హవాయి మగవాళ్ళని, నలభై ఏళ్ళవాళ్ళని కూడా, ‘బీచ్ బాయ్స్’ అన్నారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచిన డ్యూక్ కహనమోకు ఆ తీరంలో పెరిగినవాడే. పతకం వచ్చినవాడికి పేరొచ్చింది, మిగతావాళ్ళు బాయ్స్‌గా మిగిలారు.

తెలుగువాళ్ళకి ఈ కథ కొత్త కూడా కాదు. పూరీ వెళ్ళినవాళ్ళకి నోలియాలు గుర్తుంటారు: కోసుగా ఉండే టోపీ పెట్టుకుని, సముద్రస్నానానికి దిగిన యాత్రికుల్ని చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళి, తల ఎప్పుడు వంచాలో ఎప్పుడు ఎగరాలో చెప్పి, మళ్ళీ ఒడ్డున దింపేవాళ్ళు. వాళ్ళు ఆంధ్ర తీరం నుంచి వెళ్ళి పూరీలో పెంటకట దగ్గర స్థిరపడిన తెలుగు జాలర్లు, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. డబ్బు తీసుకుని అలల దగ్గర తోడు నిలబడే పని మనవాళ్ళు రుషికొండకి ఫోమ్ పలకలు రాకముందు నుంచే చేస్తున్నారు. పూరీ యాత్ర గురించి మనవాళ్ళు చెప్పుకునే ముచ్చట్లలో గుడి ఉంటుంది, ప్రసాదం ఉంటుంది, పండాలతో గొడవ ఉంటుంది. అల వచ్చినప్పుడు గట్టిగా పట్టుకున్న చెయ్యి, అది మన భాషే మాట్లాడుతుందన్న సంగతి, నేను విన్నవాటిలో ఉండవు.

దీనికి విరుగుడు టూరిస్టు వ్యాసాలు మానెయ్యడం అని నేననను. విలియం ఫినెగన్ ‘బార్బేరియన్ డేస్’ (2015, మరుసటేడు పులిట్జర్) లాంటి పుస్తకం రాయాలంటే జీవితమంతా సర్ఫింగ్ చేసి ఉండాలి. ఒకే చోట అలని ఏళ్ళ తరబడి చూస్తే తప్ప అది అర్థం కాదని ఆ పుస్తకం పేజీ పేజీకీ చెప్తుంది. నాలుగు రోజుల సెలవు దొరికే ఉద్యోగస్తుడికి అది అందదు. అందని దానికి పంతం పట్టక్కర్లేదు. ఒక పూట నేర్చుకున్నవాడు ఒక పూటకి సరిపడా నిజం రాస్తే చాలు. ఆ పూటలో అతనికి నిజంగా తెలిసింది ఒక్కటే: తనకి కనపడని దాన్ని వెనక ఒకరు చూస్తున్నారని. కాబట్టి అతను అడగాల్సిన ప్రశ్న, నేను నిలబడ్డానా అని కాదు. నువ్వు ఆ అయిదింటినీ ఎందుకు వదిలేశావు, ఈ ఆరోదాన్ని ఎలా గుర్తుపట్టావు, నీకు ఎవరు చెప్పారు? దీనికి జవాబు నాలుగు పేజీలు వస్తుంది. అది అసలు వ్యాసం.

ఇంకా మంచి వ్యాసం ఆ జవాబు తెలిసినవాళ్ళే రాయడం. రుషికొండలో నేర్పేవాళ్ళలో చదువుకున్నవాళ్ళున్నారు, మా మెట్ల మీద కూర్చునే స్కాలర్ లాంటివాళ్ళు యూనివర్సిటీల్లో ఉన్నారు. తీరం మనకి చాలా పొడుగ్గా ఉంది, దాని మీద నుంచి లోపలికి చూసి రాసినవి ఉన్నాయి, లోపలి నుంచి ఒడ్డుని చూసి రాసినవి ఇంకా రావాలి. అవి వచ్చేదాకా లండన్‌ని చదవండి, అలల పాఠం కోసం తప్పకుండా చదవండి. ఫోర్డ్ వచ్చే పేరా దగ్గరికి తొందరపడకుండా, లోతులేని నీళ్ళలో ఆ పేరులేని పిల్లలున్నచోట మాత్రం కాసేపు ఆగండి.